ముందురోజు సాయంత్రం

ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ల వార్డుకి వెళ్ళి అసలు పేరుతో అడిగితే ఆమెని ఎవరూ చూపించలేరు. మాటల సిస్టర్ అంటే మాత్రం నేల తుడిచే మనిషి దగ్గర్నుంచి మత్తు డాక్టరు దాకా అందరూ అదుగో అంటారు. సూదులు వేయడంలో, కట్లు కట్టడంలో ఆమె అందరిలాంటిదే. చెయ్యి తిరిగిన పని ఒక్కటే, మాట్లాడటం. మర్నాడు ఆపరేషన్ ఉన్న మనిషి పక్కన ముందురోజు సాయంత్రం స్టూలు లాక్కుని కూర్చునేది. "భయంగా ఉందా?" అని పొరపాటున కూడా అడిగేది కాదు. "మీరిక్కడుంటే ఇంటి దగ్గర మొక్కలకి నీళ్ళెవరు పోస్తున్నారు?" అని ఎక్కడో మొదలుపెట్టేది. మొక్కల్నుంచి ఇంట్లోకి, ఇంట్లోంచి మనసులోకి, అక్కణ్ణుంచి అసలు భయం దాకా మెల్లిగా చేరుకునేది.

ఒకసారి ఒకావిడ, "చస్తే చస్తాను గానీ ఆ గదిలోకి రాను" అని భీష్మించుకు కూర్చుంది. డాక్టర్లు చెప్పారు, కొడుకులు బతిమాలారు, ససేమిరా అంది. మాటల సిస్టర్ గంటసేపు కబుర్లాడితే తేలిందేమిటంటే, ఆవిడకి కత్తంటే భయం లేదు. మత్తిచ్చే ముందు కట్టుడుపళ్ళు తీసేయమంటారు, బోసినోరు అల్లుడి కంట పడుతుంది, అదీ బాధ. అల్లుణ్ణి ఏదో పని పెట్టి కిందికి పంపించి, పళ్ళు డబ్బాలో వేయించి, చెయ్యి పట్టుకుని థియేటరు గుమ్మం దాకా నడిపించింది మాటల సిస్టర్. ఆ కథ వార్డంతా చెప్పుకుని నవ్వుకున్నారు. ఆమెకీ లోపల్లోపల గర్వంగానే ఉండేది. మనిషిని చదవడం తనకొచ్చినట్టు ఇంకెవరికీ రాదనుకునేది.

అలాంటి మనిషి మైకాయన విషయంలో ఏం చేసిందో చెప్పాలి.

మైకాయన అంటే బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడాగిందో, ఏది ఆలస్యమో చెప్పే మనిషి. అద్దాల గదిలో కూర్చునేవాడు కాబట్టి ముఖం ఎరిగినవాళ్ళు తక్కువ, గొంతు ఎరగనివాళ్ళు లేరు. రాసిచ్చింది చదివి ఊరుకునే రకం కాదు. "పరిగెత్తకండమ్మా, డ్రైవరుగారు ఇంకా టీ తాగుతున్నారు" అనేవాడు. "మూడో ప్లాట్‌ఫారం మీద ఎర్రచొక్కా వేసుకున్న నాన్నగారూ, మీ పాప ఇక్కడ నా దగ్గరుంది, మీకంటే ధైర్యంగా ఉంది" అనేవాడు. మాటల సిస్టర్ రోజూ ఆ బస్టాండులోనే బస్సు మారేది. ఆ గొంతు చెవిన పడితే గానీ ఆమెకి తెల్లవారినట్టుండేది కాదు.

ఆ గొంతు కొన్ని నెలలుగా బొంగురుపోతూ వచ్చింది. పనిలో అరిచి అరిచి అలా అయిందని ఆయనా అనుకున్నాడు, అందరూ అనుకున్నారు. తీరా పరీక్షలు చేస్తే గొంతులో గడ్డ, అదీ చెడ్డ గడ్డ. అప్పటికే ఊపిరి ఆడటం కష్టమవుతోంది. ఆపరేషన్ తప్పదన్నారు.

గొంతు డాక్టరు చేతి పనిలో దిట్ట, నోటి మాటలో పిసినారి. మైకాయన భార్యని తన గదిలోకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. గొంతుపెట్టె మొత్తం తీసెయ్యాలి, ఊపిరికి మెడ దగ్గర శాశ్వతంగా రంధ్రం పెట్టాలి, ఇక సొంత గొంతుతో మాట ఉండదు. మంచం దగ్గరికొచ్చేసరికి అదే సంగతి పలచబడింది. "గడ్డతో పాటు చుట్టూ కొంత తీసేస్తాం. మెడకి చిన్న రంధ్రం ఉంటుంది. మాట మునుపటిలా ఉండదు" అన్నాడు.

"ఇప్పుడు మాత్రం మునుపటిలా ఉందేమిటి డాక్టరుగారూ!" అని మైకాయన నవ్వాడు. డాక్టరు కూడా కాస్త నవ్వి, ఆయన భుజం తట్టి, పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

వెనకే నిలబడ్డ మాటల సిస్టర్‌కి అర్థమైంది. ఈయనకి తెలియలేదు. సాయంత్రం తాను కూర్చున్నప్పుడు నిదానంగా చెబుదాం అనుకుంది. అది ఆమె పనే.

మధ్యాహ్నం దుప్పట్ల గదిలోకి వెళ్తే వెనకాలే మైకాయన భార్య వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, ఏమీ అనకముందే రెండు చేతులూ పట్టేసుకుంది.

"తల్లీ, ఆయనకి చెప్పకమ్మా. మాట పోతుందని తెలిస్తే ఈ క్షణం లేచి వెళ్ళిపోతారు. నాకు తెలుసు ఆయన సంగతి."

"చెప్పకుండా ఎలా పిన్నీ? ఒళ్ళు ఆయనది."

"ఒళ్ళు ఆయనదే. ఆ ఒంట్లో ప్రాణం నాక్కావాలి. మాట లేకపోతే లేకపోయింది, మనిషి ఎదురుగా ఉంటే చాలు. తర్వాత నేనే చెప్పుకుంటాను. తిడితే నన్నే తిడతారు. నీ మీదికి రానివ్వను."

మాటల సిస్టర్ సరేననలేదు, కాదనలేదు. ఆవిడ ఏడుపు చూడలేక తల ఊపింది. ఆ తల ఊపడానికి అర్థం 'వింటున్నాను' అని తనకి తాను చెప్పుకుంది. ఆవిడ మాత్రం కళ్ళు తుడుచుకుని, కొండంత బరువు దించుకున్నట్టు గదిలోంచి వెళ్ళిపోయింది.

సాయంత్రమైంది. మంగలి వచ్చి మైకాయన గడ్డమూ మెడా నున్నగా గీసి వెళ్ళాడు. మాటల సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది.

"రోజూ మన బస్టాండు మీదుగానే వస్తావటగా అమ్మాయ్?" అన్నాడాయన. గొంతు గరగరలాడుతోంది, అయినా మాటలో ఆ హుషారు తగ్గలేదు.

"మీరు అందరిముందూ నా పరువు తీశారు కూడా బాబాయ్. ఒకరోజు పరిగెడుతుంటే, 'తెల్లకోటు అమ్మాయిగారూ, మీరు పడితే మీకు కట్టు కట్టడానికి ఇంకో నర్సు కావాలి, నెమ్మది' అన్నారు మైకులో."

"అది నువ్వేనా!" ఆయన పగలబడి నవ్వబోయి దగ్గులో పడ్డాడు. దగ్గు తగ్గాక మంచినీళ్ళు గుక్కెడు తాగి, గ్లాసు ఆమెకిచ్చి, ఇట్టే అడిగేశాడు. "మళ్ళీ మైకు ముందు ఎప్పుడు కూర్చోవచ్చంటావు?"

అదే సమయం. ఆమె వెతుక్కుంటూ వెళ్ళాల్సిన పని కూడా లేకుండా, ఆయనే తలుపు తీసి పట్టుకున్నాడు. గది చివర భార్య దుప్పటి మడతపెడుతూ చేతులు ఆపేసింది.

"ముందు గాయం మాననివ్వండి బాబాయ్. తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అంది మాటల సిస్టర్.

"అదీ నిజమేలే." ఆయన దిండు మీదికి ఒరిగాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఇంకో సంగతి. మా అమ్మకి ఈ ఆపరేషన్ విషయం చెప్పలేదు. వేరే ఊళ్ళో కొత్తవాళ్ళకి మైకు పని నేర్పడానికి వెళ్తున్నానని చెప్పొచ్చాను. ఆవిడకి చూపు పోయి చాలా ఏళ్ళయింది. నేను డ్యూటీ దిగి ఇంటికెళ్ళి, మంచం పక్కన కూర్చుని ఆ రోజు బస్టాండులో జరిగిందంతా చెప్పాలి. సీటు కోసం ఎవరు కొట్టుకున్నారు, ఎవరు బస్సు తప్పిపోయి ఏడ్చారు, అన్నీ. అది వింటే గానీ అన్నం ముట్టదు. ఇప్పుడు ఫోన్ చేద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఇక్కడికొచ్చాక ఈ గరగర ఇంకా ముదిరింది, వింటే కనిపెట్టేస్తుంది. ఆపరేషన్ అయ్యి గొంతు కాస్త శుభ్రపడ్డాక చేస్తే మంచిది కదా? నువ్వేమంటావు?"

ఆయన ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. మందుల గురించి అడిగినంత నమ్మకంగా అడిగాడు.

చెబితే ఏమవుతుందో ఆమె కళ్ళకి కట్టింది. ఆయన లేచి కూర్చుంటాడు, అరుస్తాడు, భార్య వచ్చి కాళ్ళ మీద పడుతుంది, డాక్టరుకి ఫోన్లు, వార్డంతా గొడవ. చెప్పకపోతే ఏమీ కాదు. ఇంకో ఇద్దరు మంచాల మీద తన కోసం ఎదురుచూస్తున్నారు.

"అలాగే చేయండి బాబాయ్. ఇవాళ హాయిగా నిద్రపోండి" అంది.

ఆయన సరేనని కళ్ళు మూసుకున్నాడు. ఆమె లేచి పక్క మంచానికి వెళ్ళింది. వెళ్తూ దుప్పటి సరిచేసింది కూడా.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ మొత్తం వచ్చేసిందని డాక్టరు సంబరపడ్డాడు. మైకాయన మెడ ముందు రంధ్రం, ముక్కులో ఆహారం పోసే గొట్టం, ఒంటి నిండా తీగలు. మెలకువ వచ్చాక పెదవులు కదిపి, మాట రాకపోతే, గొట్టాల వల్లే అనుకున్నాడు. ఒక చేత్తో మెడవైపు చూపించి, ఫరవాలేదన్నట్టు నవ్వాడు. భార్య ఆ నవ్వు చూసి బయటికొచ్చి గోడకి తల ఆనించి ఏడ్చింది. తానే చెప్పుకుంటానన్న మనిషి రోజులు గడుస్తున్నా నోరు విప్పలేకపోయింది. మాటల సిస్టర్ ఆ మంచం దగ్గరికి వచ్చినప్పుడల్లా కట్టు చూసేది, రంధ్రంలో కఫం తీసేది, జ్వరం చూసేది, గబగబా వెళ్ళిపోయేది. రోగి పక్కన కూర్చోకుండా వెళ్ళిపోవడం ఆమె ఉద్యోగంలో అదే మొదలు.

తీగలన్నీ తీసేశాక, మాట రానివాళ్ళ కోసం ఉంచే పలకా బలపం ఆయన చేతికిచ్చారు. ఒక ఉదయం ఆమె మెడ శుభ్రం చేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపి, పలక మీద రాశాడు. 'ఈ గొట్టం తీశాక మాట వస్తుందా?'

ఆమె భార్య వంక చూసింది. భార్య నేల వంక చూసింది.

"రాదు బాబాయ్."

ఆయన 'ఎప్పటికీ?' అని రాశాడు.

"సొంత గొంతు ఇక రాదు. గొంతుపెట్టె తీసేశారు. మెడకి ఆనించుకునే యంత్రం ఉంటుంది, దాంతో మాట్లాడటం నేర్పిస్తారు. కానీ మీ పాత గొంతు..."

ఆయన ఆమెని చాలాసేపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఏదో లెక్క తప్పిందేమోనని మళ్ళీ మొదట్నుంచి చూసుకుంటున్న మనిషిలా చూశాడు. మెల్లిగా రాశాడు. 'ఆ సాయంత్రం నీకు తెలుసా?'

"తెలుసు."

"ఆ అమ్మాయినేమీ అనకండి, నేనే చెప్పొద్దన్నాను" అంటూ భార్య మంచం మీదికి వంగి భోరుమంది. ఆయన ఆవిడ తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీయకుండానే రెండో చేత్తో పలక తుడిచి, కింద పెట్టి, గోడవైపు తిరిగిపోయాడు.

మర్నాడు మాటల సిస్టర్ వచ్చేసరికి పలక ఆమె కనపడేలా దిండుకి ఆనించి ఉంది. 'చెప్పినా ఒప్పుకునేవాణ్ణే. కాకపోతే ముందు అమ్మతో మాట్లాడేవాణ్ణి.'

ఆయన నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆమె కట్టు మార్చి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, కుళాయి విప్పి అలాగే నిలబడిపోయింది. వెనకాల మనిషి వచ్చి "కాస్త జరుగుతారా" అంటే గానీ తెలివి రాలేదు.

ఆ రోజే వెళ్ళి పెద్ద సిస్టర్‌కి అంతా చెప్పేసింది. చీవాట్లు పెడితే బరువు తగ్గుతుందని లోపల ఆశ. పెద్ద సిస్టర్ విని, "చెప్పొద్దని ఇంటివాళ్ళు అనడం కొత్తేం కాదు. డాక్టరుగారు కూడా సగమే చెప్పారు. ఆయనతో నేను మాట్లాడతాను" అంది. ఆ తర్వాత కళ్ళజోడు తీసి, "మైకాయన నోరు తెరిచి నిన్ను అడిగాడా?" అంది.

"రెండుసార్లు అడిగారు."

పెద్ద సిస్టర్ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండేదనుకుంటూ బయటికొచ్చింది మాటల సిస్టర్.

ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయన వడ్డించుకుంటూ, "నీ తప్పేముంది? వాళ్ళావిడే కదా వద్దంది. నువ్వు ఆ మనిషి మేలు కోరే కదా ఊరుకున్నావు" అన్నాడు.

"మేలు కోరి కాదు" అంది ఆమె. "చెబితే గొడవవుతుంది, ఆ గొడవలో నేను కూర్చోవాలి. అది తప్పించుకున్నాను. వాళ్ళావిడ అడ్డం దొరికింది, అంతే."

భర్త గరిటె పట్టుకుని ఆమె వంక చూశాడు. "మరీ అంత తవ్వుకుంటే ఎవరం మిగలం" అన్నాడు. ఆమె కంచం ముందునుంచి లేచిపోయింది.

ఉదయాలు మరీ కష్టమయ్యాయి. బస్టాండులో మైకు ముందు కొత్త కుర్రాడెవరో ఉన్నాడు. ఊళ్ళ పేర్లు గడగడా అప్పజెబుతున్నాడు. ఆమె చెవులు మూసుకోలేదు గానీ నడక పెంచేది. ఒకరోజు నడక ఆపి ఆ అద్దాల గదిలోకి వెళ్ళింది. ఆయన గొంతు ఎక్కడైనా రికార్డు చేసి ఉందా అని అడిగింది. ఏదీ దాచలేదన్నారు. ఆమె వదల్లేదు. కండక్టర్లని అడిగింది, దుకాణాలవాళ్ళని అడిగింది. చివరికి పళ్ళు అమ్మే ఆవిడ ఫోన్‌లో ఏదో వీడియో దొరికింది. ఆవిడ మనవరాలు బస్టాండులో తప్పటడుగులు వేస్తుంటే తీసింది. వెనకాల మైకాయన గొంతు, పాత గొంతు, గంటలా వినిపిస్తోంది. "వెనక్కొస్తున్న బస్సు దగ్గర ఎవరూ నిలబడకండి, మీ మంచికే చెబుతున్నాను."

దాన్ని తన ఫోన్‌లోకి ఎక్కించుకుని, ఏదో సాధించినట్టు ఊపిరి బిగబట్టుకుని ఆయన మంచం దగ్గరికి వెళ్ళింది. "అమ్మగారికి వినిపించొచ్చు బాబాయ్" అంది.

ఆయన చివరిదాకా విన్నాడు. ఫోన్ ఆమె చేతికి తిరిగిచ్చి రాశాడు. 'ఇది బస్సుల కోసం చెప్పింది. అమ్మకి చెప్పింది కాదు.'

ఆమెకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన తప్పు మీద తానే గుడ్డ కప్పడానికి ఆయన గొంతునే ఏరుకుని తెచ్చానని అప్పుడర్థమైంది. ఆయనకేం కావాలో ఒక్కసారి కూడా అడగలేదు.

"మీకేం కావాలి బాబాయ్?" అంది అప్పుడు.

ఆయన పలక అందుకుని రాశాడు. 'అమ్మకి ఎవరైనా నిజం చెప్పాలి. మా ఆవిడ వల్ల కాదు. నువ్వు చెప్పు.'

అది శిక్షో, నమ్మకమో ఆమెకి తెలియలేదు. అడిగే ధైర్యం లేదు. డ్యూటీ దిగాక మైకాయన భార్యతో కలిసి వాళ్ళింటికి వెళ్ళింది.

బస్టాండు వెనక సందులో రెండు గదుల ఇల్లు. కిటికీ పక్క మంచం మీద ముసలావిడ కూర్చుని ఉంది. గుమ్మం దాటకముందే, "కోడలి అడుగు తెలుస్తోంది. రెండో అడుగెవరిదే?" అంది.

"ఆసుపత్రి నుంచి వచ్చాను మామ్మగారూ. నర్సుని."

ముసలావిడ చేతులు ఒళ్ళో ఆగిపోయాయి. "వాడు ఊరెళ్ళలేదు, కదూ?"

మాటల సిస్టర్ మంచం పక్కన నేలమీద కూర్చుంది. ఈసారి మొక్కల గురించి ఎత్తుకోలేదు. గడ్డ సంగతి, ఆపరేషన్ సంగతి, గొంతు తీసేసిన సంగతి, ప్రాణానికి భయం లేదన్న సంగతి, ఒక్కొక్కటీ చెప్పి ఆగింది. ఆవిడ "ఊ" అన్నాకే తర్వాతది చెప్పింది. చివరగా, ఆపరేషన్ ముందురోజు ఆయన ఫోన్ చేద్దామనుకున్నాడనీ, తర్వాత చేయొచ్చులెమ్మని తానే అన్నాననీ చెప్పింది.

"మాట పోతుందని వాడికి తెలీదా?"

"తెలీదు."

"నీకు తెలుసా?"

"తెలుసండీ."

"నాకైతే కళ్ళు లేవు, నాకు చెప్పకుండా దాటేశారు. వాడికి కళ్ళున్నాయి, చెవులున్నాయి. వాడికెందుకు చెప్పలేదు?"

"ధైర్యం లేక మామ్మగారూ."

"ఎవరికి? వాడికా?"

"నాకు."

ముసలావిడ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. బయట బస్సేదో హారన్ కొడుతూ తిరిగింది. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, "ఏడవకే. నువ్వు వాణ్ణి బతికించుకున్నావు" అంది. మాటల సిస్టర్‌ని మాత్రం ఏమీ ఓదార్చలేదు. కాసేపయ్యాక, "వాడికి వినిపిస్తుందా?" అని అడిగింది.

"బాగా వినిపిస్తుంది."

"అయితే నన్ను లేపండి. చెప్పులెక్కడున్నాయో చూడండి."

ఆసుపత్రిలో మాటల సిస్టర్ ముసలావిడ చేతులు తానే సబ్బుతో కడిగి, తుడిచి, మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. ముసలావిడ వేళ్ళు కొడుకు నుదుటి మీదుగా, ముక్కులోని గొట్టం మీదుగా కిందికి వచ్చాయి. మెడ దగ్గరికి రాగానే ఆయన చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వదల్రా. నేను కన్నదే కదా ఆ మెడ."

ఆయన వదిలాడు. మాటల సిస్టర్ ఆవిడ అరచేతిని రంధ్రానికి తగలకుండా ముందు పట్టి ఉంచింది. ఊపిరి అరచేతికి తగిలింది. "వెచ్చగానే ఉంది" అంది ముసలావిడ. తర్వాత మంచం అంచున సర్దుకుని కూర్చుంది. "సరే విను. నువ్వు లేవు కాబట్టి ఇవాళ నేను చెబుతాను. నీ జాగాలో ఎవణ్ణో కూర్చోబెట్టారు. ఊళ్ళ పేర్లన్నీ ఒక్క ఊపిరిలో మింగేస్తున్నాడు. ఏ బస్సు ఎటు పోతుందో వాడికే తెలిసినట్టు లేదు. మధ్యాహ్నం ఎవరో ఆడమనిషి ఆ గది ముందుకెళ్ళి దులిపేసింది, ఇంటిదాకా వినిపించింది..."

మైకాయన భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో చప్పుడు లేదు కాబట్టి చూసేవాళ్ళకి తెలియలేదు. ముసలావిడ మాత్రం ఆ భుజం మీద చెయ్యి వేసి, "నవ్వు, నవ్వు" అంటూ కబుర్లు సాగించింది. ఆ పాత గొంతుతో ఎదురు కబురు మాత్రం ఇక ఆవిడకి ఎప్పటికీ రాదు. మాటల సిస్టర్ తెర లాగి బయటికొచ్చేసింది. అక్కడ నిలబడే హక్కు తనకి లేదనిపించింది.

డిశ్చార్జి రోజున మైకాయన అందరికీ దణ్ణం పెట్టాడు. డాక్టరుకి, పెద్ద సిస్టర్‌కి, నేల తుడిచే మనిషికి, మాటల సిస్టర్‌కి. అందరికీ పెట్టినట్టే పెట్టాడు. చాలా రోజులు ఆమెకి ఆ దణ్ణమే గుర్తొచ్చేది.

ఆ తర్వాత ఆమె మారిందని వార్డులో అనుకునేవారు. కబుర్లు తగ్గాయి, వినడం ఎక్కువైంది. అలా ఉండగా అదే జబ్బుతో బడి మాస్టారు ఒకాయన చేరాడు. ఆయన తమ్ముడు ఆమెని వరండాలో ఆపి, "అన్నయ్యకి మాట పోతుందని చెప్పకండి" అన్నాడు.

"మీరు చెబుతానంటే పక్కన కూర్చుంటాను. డాక్టరుగారు చెప్పినా సరే. దాచమంటే మాత్రం నావల్ల కాదండీ" అంది.

తమ్ముడు పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళి నానా యాగీ చేశాడు. పెద్ద సిస్టర్ అతనికి సర్దిచెప్పి, డాక్టర్ని వెంటబెట్టుకొచ్చింది. డాక్టరు ఈసారి మంచం మీద కూర్చుని అంతా చెప్పాడు. మాస్టారు విన్నాడు. విని, "నాకొద్దు, ఇంటికి పోతాను" అని దుప్పటి ముసుగేశాడు. ఎవరు పిలిచినా పలకలేదు.

"తృప్తిగా ఉందా?" అన్నాడు తమ్ముడు మాటల సిస్టర్‌తో. "రేపాయన ఇంటికెళ్ళి చచ్చిపోతే ఆ పాపం ఎవరిది?"

దాచితే ఒక పాపం, చెబితే ఒక పాపం. కానీ ఈసారి ఆమె లేచి పక్క మంచానికి వెళ్ళలేదు. డ్యూటీ అయ్యేదాకా ఆ ముసుగు పక్కనే కూర్చుంది. ఆ తర్వాత ఎన్నోసార్లు తటపటాయించి బస్టాండు వెనక సందులోకి వెళ్ళింది.

మైకాయన గుమ్మంలోనే నిలబడి మాస్టారి సంగతి విన్నాడు. ఒళ్ళు కాస్త చేసింది. మెడకి పల్చటి గుడ్డ కట్టుకున్నాడు. ఆమె చెప్పడం అయ్యాక తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం వార్డు గుమ్మంలో ఆయన కనిపించాడు. ఎవరి వంకా చూడకుండా మాస్టారి మంచం దగ్గరికి వెళ్ళి, స్టూలు లాక్కుని కూర్చుని, జేబులోంచి చిన్న యంత్రం తీసి మెడకి ఆనించాడు. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు మాట వచ్చింది.

"నా... గొంతు... ఇదీ. బాలేదు. అన్నం తింటున్నాను. అమ్మతో పోట్లాడుతున్నాను."

మాస్టారు ముసుగు తీశాడు. ఆ యంత్రం వంకా, మెడ వంకా చాలాసేపు చూశాడు. "తెలిసినప్పుడు మీరు ఏడ్చారా?" అన్నాడు చివరికి.

"నాకు... ఏడవడానికి... ముందురోజు దొరకలేదు. నీకు దొరికింది. ఎవరితో మాట్లాడాలో... మాట్లాడు."

పక్కనే నిలబడ్డ తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టారు చెయ్యి చాపి, "ఫోన్ ఇలా ఇవ్వరా" అన్నాడు. ఆ తర్వాత తెర వెనకనుంచి ఆయన గొంతు చాలాసేపు వినిపించింది. ఎవరినో గదమాయించాడు, ఎవరితోనో నవ్వాడు, ఎవరితోనో మాట పెగలక ఆగిపోయాడు. మర్నాడు ఆపరేషన్‌కి వెళ్ళాడు.

ఆ ముందురోజు సాయంత్రం మైకాయన వెళ్తుంటే మాటల సిస్టర్ మెట్ల దాకా వెంట వచ్చింది. ఆయన ఆగి, యంత్రం మెడకి ఆనించి, "నీ కోసం... రాలేదు" అన్నాడు.

"తెలుసు బాబాయ్."

"ఇంకెవరైనా... ఇలాంటివాళ్ళుంటే... కబురు చెయ్."

ఆమె సరేనంది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆయన మళ్ళీ ఆ యంత్రం మెడకి ఆనించుకుని ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. అందుకని ఆమె అడగలేదు. ఆయన మెట్లు దిగి వెళ్ళేదాకా నిలబడి, మాస్టారి మంచం దగ్గరికి వెళ్ళింది.